పులికాట్ నుంచి కేప్‌కు: డచ్చి పాలనలో బానిసతనానికి రంగు అంటిన కథ

బందరులో వలందపాలెం అనే పేట ఉంది. వలందా అంటే హాలండ్. అదే ఊళ్ళోని ఇంగ్లీషుపాలెం, పరాసుపేటల్లాగే ఇది కూడా ఒక దొరల కంపెనీ వదిలిపోయిన పేరు. బందరులో, భీమిలిలో, పులికాట్‌లో డచ్చివాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. సెలవు రోజున వెళ్ళి ఫొటోలు దిగి వస్తాం. డచ్చివాళ్ళంటే మనలో చాలామందికి గుర్తుండేది ఇంతే: వచ్చారు, బట్టలూ సుగంధ ద్రవ్యాలూ కొన్నారు, ఇంగ్లీషువాళ్ళ ముందు నిలవలేక వెళ్ళిపోయారు. వాళ్ళు ఈ తీరంలో మనుషుల్ని కూడా కొన్నారన్న సంగతి మనకు ఎవరూ చెప్పలేదు.

అలా ఈ తీరం దాటిన ఒక మనిషి పేరు దక్షిణాఫ్రికా రికార్డుల్లో ఉంది. కత్రైన్. ఇంటిపేరు ఉండాల్సిన చోట 'పులికాట్‌ది' అని రాశారు. ఆమె పులికాట్‌లో పుట్టి, ఇప్పుడు జకార్తా అని పిలుస్తున్న బటావియాలో బానిసగా బతికింది. 1656లో జరిగిన ఒక గొడవలో ఆమె ప్రియుడు ఆమె చేతిలో చనిపోయాడు. అతనూ బానిసే. కోర్టు మరణశిక్ష వేసి, తర్వాత దాన్ని యావజ్జీవ ప్రవాసంగా మార్చింది. 1657లో ఆమెను ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌కు ఓడలో పంపించారు. అక్కడ ఆమె డచ్చి కమాండర్ ఇంట్లో చాకలి పని చేసింది. ఆమె కథ ఎక్కడ తేలిందో చివర్లో చెప్పుకుందాం. అది తెలియాలంటే ముందు ఆ కేప్ ఎలాంటి సమాజమో చూడాలి.

కంపెనీ అనేది 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ. పొట్టిగా వీఓసీ. 1606లో గోల్కొండ సుల్తాను ఫర్మానాతో బందరులో, నిజాంపట్నంలో వర్తకం మొదలుపెట్టింది. 1610లో చంద్రగిరి రాజు వెంకటపతి అనుమతితో పులికాట్‌లో దిగింది. తర్వాత మూడేళ్ళకు అక్కడ గెల్డ్రియా కోట లేచింది. వాళ్ళకు ముఖ్యంగా కావలసింది బట్ట. ఈ తీరంలో మగ్గాల మీద నేసిన ముతక రకాలకు యూరప్ వర్తకుల లెక్కల్లో 'గినీ బట్ట' అని పేరు. గినీ అంటే పశ్చిమాఫ్రికా తీరం. అక్కడ బానిసల్ని కొనడానికి ఇచ్చే సరుకుల్లో ఆ బట్ట ఒకటి. నేసినవాళ్ళకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

మనుషుల కొనుగోలు బట్టలాగా ఏడాది పొడవునా సాగలేదు. అది కరువుతో, యుద్ధంతో పెరిగేది. 1622–23లో పులికాట్ చుట్టుపక్కల రేవుల నుంచి దాదాపు 1,900 మందిని ఎగుమతి చేశారు. 1659–61లో బీజాపూర్ సేనలు తంజావూరు నేలను నాశనం చేసినప్పుడు నాగపట్నం, పులికాట్ లాంటి రేవుల్లో కంపెనీ 8,000 నుంచి 10,000 మందిని కొన్నదని చరిత్రకారుల లెక్క. వాళ్ళలో ఎక్కువమందిని సింహళానికీ, కొద్దిమందిని బటావియాకూ మలక్కాకూ పంపారు. కరువులో గింజల ధర పెరుగుతుంది, మనిషి ధర పడిపోతుంది. తల్లిదండ్రులు పిల్లల్ని అమ్ముకుంటారు, పెద్దవాళ్ళు తమను తామే అమ్ముకుంటారు. కంపెనీకి అది చౌకగా దొరికే అదును.

అలాంటప్పుడు ముందుగా అమ్ముడయ్యేది ఎవరు? మలబారు తీరంలో దీనికి కాగితం సాక్ష్యమే ఉంది. కొచ్చిన్‌లో డచ్చివాళ్ళు రాయించిన బానిసల అమ్మకం పత్రాల్లో మనిషి పేరు, వయసులతో పాటు కులం కూడా కనిపిస్తుంది. పులయలు ఆ పత్రాల్లో ఉన్నారు. నేలతో పాటు చేతులు మారే బానిస కులంగా వాళ్ళను అప్పటికే ఉంచింది అక్కడి సమాజం. డచ్చివాడు కొత్తగా చేసిందల్లా వాళ్ళను ఓడెక్కించడం. కేప్‌లో దిగాక మాత్రం ఆ కులం కాగితం మీద కనిపించదు. 'మలబారువాడు', 'బెంగాలుది', 'తీరంవాడు' అని రాస్తే వాళ్ళకు సరిపోయేది. తీరం అంటే కోరమాండల్ తీరం, మన తీరం. ఒక మెట్ల వరుసలో అట్టడుగున ఉన్న మనిషి సముద్రం దాటి, అప్పుడే కడుతున్న మరో మెట్ల వరుసలో మళ్ళీ అట్టడుగునే దిగాడు.

అప్పుడే కడుతున్నది అని ఊరికే అనలేదు. 1652 ఏప్రిల్‌లో యాన్ వాన్ రీబేక్ కేప్‌లో దిగినప్పుడు అక్కడ జాతి చట్టాలంటూ ఏమీ లేవు. అది ఆసియాకు వెళ్ళే ఓడలు ఆగి నీళ్ళు, కూరగాయలు, మాంసం ఎక్కించుకునే మజిలీ మాత్రమే. ఆ నేల పశువులు కాసుకునే ఖోయ్‌ఖోయ్ ప్రజలది. వాళ్ళను బానిసలుగా చేయకూడదని కంపెనీ నియమం. వాళ్ళ నేలను మాత్రం తీసుకుంది. 1657లో కొందరు కంపెనీ నౌకర్లను 'స్వేచ్ఛా పౌరులు'గా విడుదల చేసి పొలాలిచ్చారు. పొలాలకు కూలీలు కావాలి. 1658లో రెండు ఓడలు వచ్చాయి. ఒకదానిలో అంగోలా నుంచి పట్టుకొచ్చినవాళ్ళు, ఎక్కువమంది పిల్లలే. రెండోదానిలో పశ్చిమాఫ్రికా నుంచి తెచ్చినవాళ్ళు.

అక్కడి నుంచి 1808 దాకా కేప్‌కు తెచ్చిన బానిసలు సుమారు 63,000 మంది. వాళ్ళు ఇంచుమించు నాలుగు సమాన భాగాలు: ఆఫ్రికా ఖండం, మడగాస్కర్, భారతదేశమూ సింహళమూ, ఇండోనేషియా దీవులు. అంటే ప్రతి నలుగురిలో ఒకరు మన ఉపఖండం మనిషి. దక్షిణాఫ్రికాలో భారతీయుల కథ 1860లో నటాల్ చెరకు తోటలకు వెళ్ళిన కూలీలతో మొదలవుతుందని చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ ఓడల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు కాబట్టి ఆ కథను గర్వంగానే చెప్పుకుంటాం. దానికి రెండు వందల ఏళ్ళ ముందే వెళ్ళినవాళ్ళు ఆ లెక్కలో ఉండరు.

వాళ్ళు గోధుమ కోశారు, ద్రాక్షతోటలు పెంచారు, కోట గోడలు కట్టారు, కొండ ఎక్కి కట్టెలు మోశారు. ఆడవాళ్ళు టేబుల్ కొండ కింద వాగులో ఊరివాళ్ళ బట్టలు ఉతికారు. 18వ శతాబ్దం నడిమికి తెల్లవాళ్ళలో దాదాపు సగం మంది మగవాళ్ళకు కనీసం ఒక బానిస ఉన్నాడు. అమెరికాలోలాగా వందలాది బానిసలున్న తోటలు ఇక్కడ అరుదు. చిన్న రైతుకు ఇద్దరో ముగ్గురో. ఇది కొంత నయమని కొందరు రాశారు. మేం అలా అనుకోవడం లేదు. యజమాని కళ్ళ ముందే, అతని వంటింట్లోనే పడుకునే బానిసకు రాత్రి కూడా తనది కాదు.

పేర్ల సంగతి చూడండి. బానిస దిగగానే పాత పేరు పోయేది. యజమాని తనకు తోచిన పేరు పెట్టేవాడు. కొందరికి రోమన్, గ్రీకు పేర్లు: టైటస్, సిపియో, క్యూపిడో. కొందరికి నెలల పేర్లు: జనవరి, ఏప్రిల్, సెప్టెంబరు. కేప్ టౌన్‌లో ఇప్పటికీ సెప్టెంబర్, ఫిబ్రవరి ఇంటిపేర్లుగా ఉన్న కుటుంబాలున్నాయి. పెద్దవాళ్ళ పేర్లు మనకు పెట్టకూడదని ఊళ్ళో ఆంక్షలు విన్నవాళ్ళకు, 'సోమిగాడు', 'ఆదిగాడు' అని వారాల పేర్లతో పిలిపించుకున్న తాతలున్నవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

ఇక చట్టం. బానిస తల్లికి పుట్టిన బిడ్డ బానిసే, తండ్రి ఎవరైనా సరే. రోమన్ చట్టం నుంచి తెచ్చుకున్న సూత్రమిది. కేప్‌లో దీని అర్థం ఏమిటో కంపెనీ బానిసల కొట్టంలో కనిపిస్తుంది. 1679లో కట్టిన ఆ పెద్ద భవనం ఇప్పటికీ ఊరి నడిబొడ్డున ఉంది. కంపెనీ సొంత బానిసలు వందల మంది అందులో ఉండేవాళ్ళు. రాత్రి పూట ఒక గంటసేపు సైనికులకూ నావికులకూ దాని తలుపులు తెరిచేవాళ్ళు. అలా పుట్టిన పిల్లల తండ్రులు తెల్లవాళ్ళు, పిల్లలు కంపెనీ ఆస్తి.

1685లో హెండ్రిక్ వాన్ రీడె అనే కమిషనర్ తనిఖీకి వచ్చాడు. మలబారు మొక్కల మీద 'హోర్టస్ మలబారికస్' అనే మహా గ్రంథం వేయించిన మనిషే. ఆ పుస్తకానికి విద్య అందించినవాళ్ళలో ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడున్నాడు. కింది కులం వైద్యుడి విద్యను గుర్తించి పుస్తకంలో పేరు వేసిన ఈ దొర, కేప్‌లో తెల్ల ముఖాల పిల్లలు బానిసలుగా ఉండటం చూసి కలత చెందాడు. ఆ కలతలోంచి వచ్చిన నియమం ఇది: తెల్ల తండ్రికి పుట్టిన బానిస పిల్లలకు డచ్చి భాష, క్రైస్తవం నేర్పాలి. మగవాళ్ళను 25 ఏళ్ళకు, ఆడవాళ్ళను 22 ఏళ్ళకు విడుదల చేయాలి. విడుదలైన 'సగం రక్తం' స్త్రీని తెల్లవాడు పెళ్ళాడవచ్చు. 'పూర్తి రక్తం' స్త్రీని పెళ్ళాడకూడదు. చట్టం అంతవరకూ బానిసా, స్వతంత్రుడా అని అడిగేది. ఇప్పుడు స్వతంత్రురాలైన స్త్రీని కూడా నీలో రక్తం ఎంత అని అడగడం మొదలుపెట్టింది. కేప్ చరిత్రలో మలుపు ఇదేనని మా అభిప్రాయం. పైకి అది కరుణలా కనిపిస్తుంది. కరుణ తెల్ల తండ్రి రక్తం ఉన్నంత మేరకే.

విడుదల కూడా మాటవరసకే. ఏడాదికి వెయ్యిమంది బానిసల్లో ఇద్దరికి కూడా స్వేచ్ఛ దొరికేది కాదు. దొరికినవాళ్ళను 'స్వేచ్ఛా నల్లవాళ్ళు' అని వేరే వర్గంగా రాశారు. తొలి రోజుల్లో వాళ్ళలో కొందరికి స్టెల్లెన్‌బాష్ ప్రాంతంలో పొలాలుండేవి. బెంగాలు లూయిస్ అనే అతను అలాంటి రైతు. 18వ శతాబ్దం మొదలయ్యాక ఆ రైతులు ఒక్కొక్కరే నేల మీది నుంచి కనుమరుగయ్యారు. పట్నంలో మిగిలినవాళ్ళు చేపలు పట్టారు, బట్టలు కుట్టారు, చిల్లర అంగళ్ళు నడిపారు. నిప్పు అంటుకుంటే ఆర్పడానికి పరుగెత్తే బాధ్యత వాళ్ళది.

1754లో గవర్నర్ రైక్ తుల్బాఖ్ బానిసల నియమాలన్నీ కూర్చి ఒక శాసనం చేశాడు. రాత్రి పది దాటాక బయట తిరిగే బానిస చేతిలో దీపం ఉండాలి. గుంపుగా నిలబడకూడదు. తెల్లవాడితో పొగరుగా మాట్లాడితే శిక్ష. బానిస చెప్పులు, బూట్లు వేసుకోకూడదన్నది ఆ సమాజం అంతకు ముందే పాటిస్తున్న కట్టడి. వట్టి పాదం చూస్తేనే మనిషి ఎవరో తెలియాలి. చెప్పుల దగ్గర మనం ఆగి వివరించాల్సిన పని లేదనుకుంటాం.

అయితే 1765 నాటి ఉత్తర్వు ఇంకా గమ్మత్తైనది. అది బానిసల గురించి కాదు. స్వేచ్ఛా నల్ల స్త్రీలు రంగురంగుల పట్టు, సన్నని లేసు, గుండ్రంగా ఉబ్బిన లంగాలు, అలంకరించిన టోపీలు వేసుకోకూడదని దాని సారం. గౌరవనీయులైన పౌరుల భార్యలతో సమానంగా కనిపిస్తున్నారన్నది ఫిర్యాదు. ఆ స్త్రీలు దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు. కష్టపడి సంపాదించి పట్టుచీర లాంటిది ఒకటి కొనుక్కున్నారు. ఆ సమాజానికి అంతకన్నా పెద్ద నేరం లేదు. బానిసతనం నుంచి డబ్బిచ్చి బయటపడవచ్చు, దాని గుర్తు నుంచి బయటపడటానికి వీల్లేదని ఆ ఉత్తర్వు నేరుగా చెప్పింది.

మతం కూడా ఇలాగే తలుపు వేసుకుంది. 1618లో డోర్ట్‌లో సమావేశమైన డచ్చి చర్చి పెద్దలు, బాప్తిస్మం పొందిన బానిసలకు మిగతా క్రైస్తవులతో సమానమైన స్వేచ్ఛ ఉండాలని, వాళ్ళను అన్యులకు అమ్మకూడదని చెప్పారు. మంచి మాటే. దాని ఫలితం ఏమిటంటే యజమానులు బానిసలకు బాప్తిస్మం ఇప్పించడం మానుకున్నారు. 1770లో, బాప్తిస్మం పొందిన బానిసను అమ్మరాదని నియమం గట్టిపడ్డాక, చర్చి గడప బానిసకు మరింత దూరమైంది. కంపెనీ తన కొట్టంలో పుట్టిన పిల్లలకు బాప్తిస్మం ఇప్పిస్తూనే ఉంది, వాళ్ళను బానిసలుగా ఉంచుతూనే ఉంది.

చర్చి వద్దనుకున్న మనుషులు ఇస్లాంలో చేరారు. ఇండోనేషియా నుంచి రాజకీయ ఖైదీలుగా తెచ్చిన పండితులు దానికి ఊపిరి పోశారు. మకాసర్ షేక్ యూసుఫ్ 1694లో, తువాన్ గురు అని పిలిచే ఇమాం అబ్దుల్లా 1780లో వచ్చారు. 18వ శతాబ్దం చివర్లో కేప్ టౌన్ డోర్ప్ వీధిలో తొలి మసీదు నడిచిన స్థలం సింహళం నుంచి వచ్చి విడుదలైన కొరిడాన్ అనే బానిస కుటుంబానిది. బానిసల వంటిళ్ళలో పుట్టిన ఆఫ్రికాన్స్ భాషలో తొలి రాతల్లో కొన్ని అరబిక్ లిపిలో, ఈ ముస్లింల చేతుల్లోనే పుట్టాయి. తర్వాత ఆ భాషను తెల్లవాళ్ళ స్వచ్ఛతకు జెండాగా ఎగరేసినవాళ్ళు ఈ సంగతి చెప్పుకోలేదు.

అంటు అనే మాట కేప్‌లో ఎవరూ వాడలేదు. కానీ 1779లో ఏం జరిగిందో చూడండి. బాయిటెన్‌డాఖ్ అనే తెల్ల పౌరుణ్ణి అధికారులు అరెస్టు చేసి దేశం దాటించారు. పట్టుకెళ్ళింది ఫిస్కల్ కింద పనిచేసే నల్ల బంట్రోతులు. వాళ్ళూ బానిసలో, శిక్షపడ్డ ఖైదీలో. తోటి బానిసల్ని పట్టుకోవడానికి, కొరడాతో కొట్టడానికి కంపెనీ వాళ్ళనే వాడేది. అదే ఏడాది పౌరులు హాలండ్‌కు పంపిన అర్జీలో అడిగిన వాటిలో ఒకటి, ఇకపై ఏ పౌరుణ్ణీ నల్లవాళ్ళ చేత పట్టించరాదని. ఆ చేతులు రోజూ వాళ్ళకు అన్నం వండిపెట్టేవే.

మరో నియమం 1775 నాటిది. బానిస మగవాడికీ ఖోయ్‌ఖోయ్ స్త్రీకీ పుట్టిన బిడ్డ, తల్లి బానిస కాదు కాబట్టి, పాత సూత్రం ప్రకారం పుట్టుకతోనే స్వతంత్రం. తెల్ల రైతులకు అది నచ్చలేదు. ఆ పిల్లలు 25 ఏళ్ళు వచ్చేదాకా తండ్రి యజమాని దగ్గర కట్టుబడి పనిచేయాలని స్టెల్లెన్‌బాష్‌లో నియమం తెచ్చుకున్నారు. తల్లిని బట్టి బిడ్డ అన్న సూత్రం యజమానికి లాభం ఉన్నంతకాలం పవిత్రం. నష్టం వచ్చే చోట దాన్ని పక్కన పెట్టడానికి ఒక్క అర్జీ చాలింది.

ఇదంతా బానిసలు తల వంచుకుని భరించారని అనుకోవద్దు. పారిపోయి హాంగ్‌క్లిప్ కొండల్లో గుహల్లో బతికినవాళ్ళున్నారు. 1766లో మీర్మిన్ అనే కంపెనీ ఓడలో మడగాస్కర్ నుంచి తెస్తున్న సుమారు 140 మంది తిరగబడి ఓడను చేతిలోకి తీసుకున్నారు. ఇంటికి తిప్పమన్నారు. నావికులు మోసంతో కేప్ వైపే నడిపారు. నేల కనబడగానే అది తమ ఊరనుకుని దిగినవాళ్ళు పట్టుబడ్డారు. నాయకుల్లో ఒకడైన మసవానాను రాబెన్ దీవికి పంపారు. అతను 1769లో అక్కడే చనిపోయాడు. మండేలాను ఉంచిన దీవే అది.

1793 లెక్కల్లో కేప్‌లో బానిసలు 14,747 మంది, స్వేచ్ఛా పౌరులు 13,830 మంది. తర్వాత పాలన ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. 1834 డిసెంబరు 1న బానిసత్వం రద్దయింది. మరో నాలుగేళ్ళు 'శిక్షణ' పేరుతో పాత యజమాని దగ్గరే పనిచేయాలి. నష్టపరిహారంగా కేప్‌కు సుమారు 12 లక్షల పౌండ్లు వచ్చాయి. అవి యజమానులకు. విడుదలైనవాళ్ళకు సెంటు నేల కూడా దక్కలేదు. 1838లో తలుపు దాటినవాళ్ళలో చాలామంది కొన్ని వారాల్లో అదే పొలానికి కూలీలుగా తిరిగి వెళ్ళారు.

ఇక కత్రైన్ దగ్గరికి వద్దాం. ఆమెకు ఒక సైనికుడి వల్ల కొడుకు పుట్టాడు. 1669లో బాప్తిస్మం ఇచ్చి క్రిస్టోఫెల్ స్నైమన్ అని పేరు పెట్టారు. తర్వాత ఆమె శిక్ష నుంచి బయటపడి, బెంగాలు నుంచి వచ్చిన విడుదలైన బానిసను పెళ్ళాడింది. కొడుకు ఒక ఫ్రెంచి కుటుంబం పిల్ల మార్గరీట్ ద సవ్వాను చేసుకున్నాడు. వాళ్ళ సంతానం తెల్లవాళ్ళుగా లెక్కకొచ్చారు. స్నైమన్ ఇప్పుడు దక్షిణాఫ్రికాలో పేరున్న ఆఫ్రికానర్ ఇంటిపేర్లలో ఒకటి. గోడ ఇంకా పూర్తిగా లేవని రోజుల్లో ఒక కుటుంబం అటు దాటింది. యాభై ఏళ్ళు ఆలస్యమై ఉంటే ఇటే ఉండిపోయేది.

1949లో దక్షిణాఫ్రికా మిశ్రమ వివాహాలను నిషేధించింది. 1950లో ప్రతి మనిషినీ తెల్ల, రంగు, స్థానిక అని జాతి పట్టికలో ఎక్కించే చట్టం తెచ్చింది. బానిసల సంతానంలో ఎక్కువమంది 'రంగు' కింద పడ్డారు. 1966లో కేప్ టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్‌ను తెల్లవాళ్ళ ప్రాంతంగా ప్రకటించి, తర్వాతి ఏళ్ళలో సుమారు 60,000 మందిని ఊరి బయటి ఇసుక మైదానానికి తరిమారు. 1980ల్లో హాన్స్ హీసే అనే చరిత్రకారుడు పాత చర్చి రికార్డులు తిరగేసి, ఎన్నో గౌరవనీయమైన తెల్ల కుటుంబాల మూలాల్లో బానిస స్త్రీలున్నారని పేర్లతో సహా రాస్తే గగ్గోలు లేచింది. కోర్టుకెక్కినవాళ్ళూ ఉన్నారు. తమ ముత్తవ్వ బందీ అని తెలిసినందుకు కలిగిన కోపం, ఆమెను బందీ చేసినవాళ్ళ మీదికి పోలేదు.

2022 డిసెంబరు 19న డచ్చి ప్రధాని మార్క్ రుట్టె బానిసత్వానికి క్షమాపణ చెప్పాడు. 2023 జులై 1న రాజు విలెమ్ అలెగ్జాండర్ చెప్పాడు. కంపెనీ బానిసల కొట్టం చాలాకాలం ప్రభుత్వ కార్యాలయంగా, కోర్టుగా, మ్యూజియంగా వేరే పేర్లతో నడిచింది. 1998లో దానికి బానిసల కొట్టం అనే పాత పేరు తిరిగి పెట్టారు. దాని పక్కనే చర్చి స్క్వేర్ ఉంది. 2008లో అక్కడ పదకొండు నల్ల గ్రానైట్ దిమ్మెలు నిలిపి, వాటి మీద బానిసల పేర్లు చెక్కారు. దిమ్మెలు ఎత్తు తక్కువ, కూర్చోవడానికి వీలుగా ఉంటాయి. మధ్యాహ్నం ఆఫీసులవాళ్ళు వాటి మీద కూర్చుని అన్నం తింటారు.